మిల్లు ల్యాప్‌టాప్ 48 అంకెల కీ అడుగుతోంది, మేమైతే ఏ లాకూ పెట్టలేదు

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ:

అందరికీ నమస్తే. ఇక్కడ ఒక రైస్ మిల్లులో పదకొండేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. కంప్యూటర్ అంటే నాకు టాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్, అంతే. ఆఫీసు ల్యాప్‌టాప్ మొన్న సోమవారం నుంచి తెరుచుకోవట్లేదు. మిల్లు సంగతి తెలిసిందే కదా, తవుడు, ఊక దుమ్ము ఎక్కడ పడితే అక్కడ దూరుతుంది, ఫ్యాన్ గుర్రుమని మోగుతూ బాగా వేడెక్కుతుంటే ఒక రిపేరు షాపులో ఇచ్చాం. అతను దుమ్ము దులిపి, పేస్టు మార్చి, "బయోస్ గూడ అప్‌డేట్ చేసిన అన్నా, ఇగ ఫుల్ స్పీడ్" అని చేతికిచ్చాడు. ఆఫీసుకు తెచ్చి ఆన్ చేస్తే విండోస్ రాలేదు. నీలం స్క్రీన్ వచ్చి బిట్‌లాకర్ రికవరీ కీ కొట్టమంటోంది. వెనక్కి తీసుకెళ్తే "అది మీ పాస్‌వర్డే, నాకేం తెలుస్తది" అన్నాడు. మాది నాలుగంకెల పిన్. దానికి 48 అంకెలు కావాలట! బిట్‌లాకర్ అనే మాట వినడమే నాకిది మొదటిసారి.

లోపల ఈ ఏడాది టాలీ డేటా మొత్తం ఉంది. ఐకేపీ కొనుగోలు సెంటర్ల నుంచి దిగిన వడ్ల లెక్క, వాటిని ఆడించి సివిల్ సప్లైస్‌కు తిరిగి పెట్టాల్సిన బియ్యం, అదే సీఎంఆర్ లెక్క, హమాలీల అడ్వాన్సులు, ఇంకా ఏవేవో. బ్యాకప్ లేదా అంటే ఉంది, పెన్‌డ్రైవ్‌లో, ఏప్రిల్ మొదటి వారానిది. తిట్టకండి, నన్ను నేను ఇప్పటికే చాలా తిట్టుకున్నాను. 20వ తారీఖు లోపు జీఎస్టీ నెలవారీ రిటర్న్ 3బి వెయ్యాలి. షాపతను ఇప్పుడు ఏమంటాడంటే, ఫార్మాట్ కొట్టి తర్వాత రికవరీ సాఫ్ట్‌వేర్‌తో డేటా లాగుదాం, నాలుగు వేలు అవుతుంది అంటాడు. సేటు సరే అనేటట్టున్నాడు. నాకు మాత్రం మనసొప్పట్లేదు. ఏం చేయమంటారు?

సిస్టమ్స్ పనివాడు, మహబూబ్‌నగర్:

అన్నా, ముందు ఆ ల్యాప్‌టాప్ షాపులో ఉంటే ఇంటికి తెచ్చుకోండి. ఫార్మాట్ మాట ఎవరన్నా సరే ఒప్పుకోవద్దు. మామూలు డ్రైవ్‌లో ఫైల్ పోతే సాఫ్ట్‌వేర్‌తో లాగొచ్చు, నిజమే. కానీ బిట్‌లాకర్ అంటే డ్రైవ్ మొత్తానికి విండోస్ వేసే తాళం. మీ డ్రైవ్‌లో ఉన్న ప్రతి అక్షరం గిలకొట్టి రాసి ఉంది, లాగినా చెత్తే వస్తుంది. పైగా అది ఎస్‌ఎస్‌డీ అయితే ఫార్మాట్ అయ్యాక పాత బ్లాకులను అదే తుడిచేసుకుంటుంది. అప్పుడు కీ దొరికినా పెట్టడానికి తాళం ఉండదు.

మీరు లాక్ పెట్టలేదన్నారు, అబద్ధమని అనను. విండోస్ హోమ్‌లో ఇదే తాళం డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే పేరుతో ఉంటుంది, కొత్త ల్యాప్‌టాప్ మొదటిసారి సెటప్ చేసేటప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ఇన్ అయితే చాలా మోడళ్లలో దానంతట అదే ఆన్ అవుతుంది. ఎవరూ పెద్దగా చెప్పరు కాబట్టి సగం మందికి ఇది తెలియనే తెలియదు. రోజూ ఆ తాళం తీసే కీ లోపల టీపీఎం అనే చిప్ కాపలాలో ఉంటుంది. మెషిన్ ఆన్ కాగానే బయోస్ (విండోస్ కంటే ముందు మెషిన్‌ను లేపే ప్రోగ్రామ్), సెక్యూర్ బూట్ (లేచేది అసలు విండోసేనా అని చూసే సెట్టింగ్) వగైరా ఎప్పటిలాగే ఉన్నాయా అని చూసుకుని, ఉంటే తలుపు తీస్తుంది. రోజూ అలాగే తీస్తోంది, మీకు కనిపించదు. బయోస్ మారేసరికి దానికి అనుమానం వచ్చింది, వీళ్లు మనవాళ్లు కాదేమో అని. అంతే జరిగింది. దొంగ ఎవడో డ్రైవ్ ఊడదీసుకుపోతే చదవకుండా ఉండడానికి పెట్టిన కాపలా, మిమ్మల్నే గేటు బయట నిలబెట్టింది. 2024 జులైలో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత కూడా కొన్ని సిస్టమ్స్ ఇలాగే ఆ స్క్రీన్‌లోకి పోయాయి, ఆగస్టు అప్‌డేట్‌తో సరిచేశారు. కాబట్టి మీరొక్కరే కాదు.

మంచి మాట ఒకటి. హోమ్ ఎడిషన్‌లో కీ ఏదో ఒక అకౌంట్‌లోకి చేరాకే ఆ తాళం పూర్తిగా పడుతుంది, చేరకపోతే తలుపు దగ్గరికే వేసి ఉంటుంది తప్ప గడియ పడదు. మీకు గడియ పడింది. అంటే ఎక్కడో ఒక అకౌంట్‌లో ఆ 48 అంకెలు ఉన్నాయి. ఎవరైనా చేతులారా తీసేసి ఉంటే తప్ప.

ఇప్పుడు రెండు పనులు చేయండి. ఆ నీలం స్క్రీన్ ఫోటో తీసుకోండి, అందులో రికవరీ కీ ఐడీ అని ఉంటుంది, దాని మొదటి ఎనిమిది అక్షరాలు కాగితం మీద రాసుకోండి. ఆ ఐడీ కీ కాదు, ఏ కీ కావాలో చెప్పే గుర్తు మాత్రమే. రెండోది, ఆ ల్యాప్‌టాప్ కొన్న రోజు డబ్బా విప్పి మొదట సైన్ఇన్ అయింది ఎవరు? ఇప్పుడు వాడేది ఎవరని అడగట్లేదు. మొట్టమొదట ఎవరు?

ఇంకోటి, బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్, టీపీఎం ఆఫ్ అయి ఉన్నాయేమో చూడండి. ఆఫ్ ఉంటే ఆన్ చేసి రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి ఏమీ అడక్కుండానే తెరుచుకుంటుంది. "క్లియర్ టీపీఎం" అని ఒకటి కనిపిస్తుంది, దాన్ని మాత్రం ముట్టుకోకండి.

జడ్చర్ల కుర్రోడు:

అంత కథ ఎందుకు అన్నా, ఎస్‌ఎస్‌డీ ఊడదీసి కేస్‌లో పెట్టి వేరే ల్యాప్‌టాప్‌కు కనెక్ట్ చేస్తే ఫైల్స్ కనిపిస్తయి, నేను చాలాసార్లు చేసిన.

సిస్టమ్స్ పనివాడు, మహబూబ్‌నగర్:

తమ్ముడూ, నువ్వు చేసినవి తాళం లేని డ్రైవ్‌లు. ఇది ఏ సిస్టమ్‌కు పెట్టినా అదే కీ అడుగుతుంది. కీ దొరికాక అలా చేయొచ్చు, ల్యాప్‌టాప్ బోర్డే పోయినప్పుడు పనికొస్తుంది కూడా. కీ లేకుండా అయితే దేనికీ పనికిరాదు.

ఫోటో స్టూడియో, వనపర్తి:

నా కథ చెప్తా, పైన సార్ మాట వినకపోతే ఏమవుతుందో అర్థమవుతుంది. రెండు టీబీల ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌కు నేనే బిట్‌లాకర్ పెట్టాను. ఎందుకంటే అందులో పెళ్లిళ్ల ఒరిజినల్స్, అమ్మాయిల ఫోటోలు, స్టూడియోలో పని కుర్రాళ్లు మారుతుంటారు, ఎవడైనా కాపీ కొట్టుకుని పోతే మా పరువేమిటి. పాస్‌వర్డ్ తెలివిగా పెట్టాననుకున్నా. రికవరీ కీ సేవ్ చేయమంటే ఫైల్‌గా డెస్క్‌టాప్ మీద సేవ్ చేశా, తర్వాత ఆ డెస్క్‌టాప్ సిస్టమే కాలిపోయింది, పిడుగు పడి. పాస్‌వర్డ్‌లో ఒక అక్షరం పెద్దదో చిన్నదో గుర్తు రాలేదు, పాత ఊరి పేరు పెట్టానా కొత్త బైక్ నంబర్ పెట్టానా, నెల రోజులు రాత్రిపూట కూర్చుని కొట్టా. రాలేదు. హైదరాబాద్‌లో ఒకాయన పన్నెండు వేలు అడ్వాన్స్ తీసుకుని, పది రోజులాగి "హెవీ ఎన్‌క్రిప్షన్ సార్" అని డిస్క్ తిరిగిచ్చాడు. అడ్వాన్స్ ఇవ్వలేదు. కొత్తకోట దగ్గర ఒక పెళ్లివాళ్లకు ఆల్బం ఇచ్చినా వీడియో ఇవ్వలేకపోయాను, ఆ అమ్మాయి తండ్రి ఇప్పటికీ కనబడితే ముఖం తిప్పుకుంటాడు. ఆ డిస్క్ ఇంకా నా బీరువాలోనే ఉంది, పారేయబుద్ధి కాదు.

గుమస్తా అన్నా, మీది నాలాంటిది కాదు, మీకు కీ ఎక్కడో ఉంది అంటున్నారు కదా. వెతకండి.

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ:

అందరికీ థ్యాంక్స్. ల్యాప్‌టాప్ తెచ్చేసుకున్నా, షాపతను కొంచెం ముఖం మాడ్చుకున్నాడు. బయోస్‌లో సెక్యూర్ బూట్ నిజంగానే ఆఫ్ ఉంది, మా ఆపరేటర్ కొడుకుతో ఆన్ చేయించా, అయినా అడుగుతూనే ఉంది.

సేటు మెయిల్‌తో మైక్రోసాఫ్ట్ సైట్‌లో చూశాం. ఒక కీ దొరికింది! 48 అంకెలు కాగితం మీద రాసుకుని, మూడుసార్లు చూసుకుంటూ కొట్టాం. తీసుకోలేదు. తర్వాత ఐడీ పోల్చి చూస్తే కలవలేదు, అది వాళ్లింట్లో ఉన్న ఇంకో కంప్యూటర్‌దట. ముందే ఐడీ చూసుకోమని మీరు చెప్పారు, మేం ఆత్రంలో మర్చిపోయాం. సేటు ఇప్పుడు "కొట్టి కొట్టి చూద్దాం, ఎప్పుడో ఒకసారి తగలదా" అంటున్నాడు.

ఈ ల్యాప్‌టాప్ ఎవరు మొదట తెరిచారంటే ఎవరికీ గుర్తులేదు. బిల్లు 2022ది.

సిస్టమ్స్ పనివాడు, మహబూబ్‌నగర్:

సేటు గారికి నా నమస్కారం చెప్పి ఈ లెక్క చెప్పండి. ఆ 48 అంకెలు ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. ఒక్కో గుంపు 11తో భాగిస్తే శేషం లేకుండా పోవాలి, అందుకే మీరు ఒక అంకె తప్పు కొడితే ఆ గుంపు దగ్గరే చెప్పేస్తుంది. 11తో భాగించాక వచ్చేది 65,536 సంఖ్యల్లో ఒకటి. అలాంటివి ఎనిమిది కలిపితే ఎన్ని రకాలంటే 34 రాసి పక్కన 37 సున్నాలు పెట్టుకోవాలి సుమారుగా. వడ్ల బస్తాలో గింజలు లెక్కపెట్టడం దీనికంటే తేలిక, రాష్ట్రంలో ఉన్న బస్తాలన్నీ కలిపినా తేలికే. మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌కు ఫోన్ చేద్దామని కూడా అనొచ్చు, వాళ్లు కూడా పోయిన కీని తిరిగి తయారు చేసి ఇవ్వలేరు, ఆ మాట వాళ్లే రాసి పెట్టారు.

కాబట్టి అకౌంటే దొరకాలి. విండోస్ 11లో 24హెచ్2 గానీ ఆ తర్వాతి వెర్షన్ గానీ అయితే ఆ నీలం స్క్రీన్ మీదే ఏ మెయిల్ అకౌంటో కొంచెం కనిపిస్తుంది, మీ ఫోటోలో లేదు కాబట్టి పాత వెర్షన్. ఇంకో దారి ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసినప్పుడు విండోస్ లోపల యూజర్ ఫోల్డర్‌కు ఆ మెయిల్ ఐడీలోని మొదటి ఐదు అక్షరాలే పేరుగా పెడుతుంది. మీ టాలీ గానీ ఎక్సెల్ గానీ ఏదైనా పాత స్క్రీన్‌షాట్ ఉందా? ఆడిటర్‌కు వాట్సాప్‌లో పంపినది, ఎర్రర్ వచ్చినప్పుడు తీసినది? పైన సి డ్రైవ్, యూజర్స్, ఆ తర్వాత ఏం రాసుందో చూడండి.

ట్యాక్స్ ప్రాక్టీషనర్, నాగర్‌కర్నూల్:

కీ సంగతి సార్ చూస్తున్నారు, నేను 20వ తారీఖు సంగతి చెప్తాను. రెండూ పక్కపక్కనే నడవనివ్వండి, కీ కోసం కూర్చుని రిటర్న్ ఆపొద్దు. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు లేట్ ఫీ, కట్టాల్సిన పన్ను ఉంటే దానిపై ఏడాదికి 18 శాతం వడ్డీ.

పోర్టల్‌లో మీ అమ్మకాల రిటర్న్‌లు, అంటే జీఎస్టీఆర్-1లు అన్నీ ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసుకోండి. కొనుగోళ్లకు 2బి అనే స్టేట్‌మెంట్ ఉంది, ప్రతి నెలా 14న వస్తుంది. గన్నీ సంచులు, మిషన్ విడిభాగాల లాంటివి అందులో దొరుకుతాయి. నూక, తవుడు ఎవరికి పోయిందో బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో చూడొచ్చు. కష్టం ఎక్కడొస్తుందంటే బియ్యం దగ్గర. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం పడింది కదా, అప్పటి నుంచి మార్కెట్‌లో ఎక్కడ చూసినా 26 కిలోల బస్తానే. ఆ అమ్మకాలు మినహాయింపు కిందికి వస్తాయి కాబట్టి పోర్టల్‌లో మొత్తం ఒక్క అంకెగా ఉంటుంది, బిల్లుల వారీగా ఉండదు. దానికి మీ బిల్లు పుస్తకాల కార్బన్ కాపీలే గతి. ఉన్నాయా?

సీఎంఆర్ లెక్క అయితే భయపడాల్సింది లేదు. సెంటర్ల నుంచి వచ్చిన ట్రక్ షీట్లు ఫైల్‌లో ఉంటాయి, కాంటా చీటీలు ఉంటాయి. క్వింటా వడ్లకు రా రైస్ అయితే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68, దాన్ని బట్టి ఎంత పెట్టాలి, ఎంత పెట్టారు అనేది కూడికలే. డిపార్ట్‌మెంట్ వైపు కూడా మీ లెక్క ఉంటుంది. హమాలీల అడ్వాన్సులు మాత్రం వాళ్లనే అడగాలి. నా అనుభవంలో హమాలీలు అబద్ధం చెప్పరు, సేట్ల గురించి అంత గట్టిగా చెప్పలేను.

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ:

మేడమ్, కార్బన్ కాపీలు ఉన్నాయి, కొన్నింటికి ఎలుకలు అంచులు కొరికాయి గానీ నంబర్లు కనిపిస్తున్నాయి. నిన్నటి నుంచి ఇద్దరం కూర్చుని ఎక్కిస్తున్నాం, మా ఇంటి కంప్యూటర్‌లో.

అసలు విషయం. ఆడిటర్ గారికి మే నెలలో పంపిన స్క్రీన్‌షాట్ ఒకటి వాట్సాప్‌లో దొరికింది. యూజర్స్ తర్వాత ఐదు అక్షరాలు, ముందు రెండు అంకెలు. అంకెలతో మొదలయ్యే పేరు ఎవరికుంటుంది అని అందరం తల గోక్కున్నాం. మా ఆపరేటర్ కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, చూడగానే "ఇది హాల్ టికెట్ నంబర్ బాబాయ్" అన్నాడు. అప్పుడు సేటు గారి భార్య లోపలి నుంచి, "అది చిన్నమ్మాయి ల్యాప్‌టాప్ కదా, బీటెక్‌లో కొనిస్తిమి, ఉద్యోగం వచ్చాక కొత్తది కొనుక్కుని ఇది మిల్లుకిచ్చింది" అన్నది. ఇన్ని రోజులూ ఆమెను ఒక్కరం అడగలేదు! సేటు కూడా మర్చిపోయాడు, నేను వచ్చిన ల్యాప్‌టాప్‌ను వచ్చినట్టు వాడుకున్నా.

చిన్నమ్మాయికి ఫోన్ చేశాం, బెంగళూరులో ఉంటుంది. అప్పట్లో కాలేజీ మెయిల్ ఐడీతో మైక్రోసాఫ్ట్ అకౌంట్ చేసుకుందట. ఆ కాలేజీ మెయిల్ పాసైపోయాక మూసేశారట. ఇప్పుడెట్లా?

సిస్టమ్స్ పనివాడు, మహబూబ్‌నగర్:

కాలేజీ మెయిల్‌బాక్స్ వేరు, ఆ మెయిల్ పేరుతో ఆమె చేసుకున్న మైక్రోసాఫ్ట్ అకౌంట్ వేరు. మెయిల్ మూసినా అకౌంట్ ఆమెదే. పాస్‌వర్డ్ గుర్తుండి, సైన్ఇన్ అయ్యేటప్పుడు కోడ్ ఫోన్ నంబర్‌కు పంపే ఆప్షన్ ఉంటే పని అయిపోయినట్టే. అప్పటి నంబర్ ఇప్పుడూ ఉందా అడగండి. మెయిల్‌కే కోడ్ పంపుతానంటే, ఫోన్ నంబర్ కూడా లేకపోతే, రికవరీ సమాచారం మొత్తం మార్చాలి, దానికి 30 రోజులు ఆగాల్సి వస్తుంది. ఆగొచ్చు, ల్యాప్‌టాప్ ఎక్కడికీ పోదు. ఆమెనే ఆమె ఫోన్‌లో చేయమనండి, పాస్‌వర్డ్ మీకు వాట్సాప్‌లో పంపించుకోకండి. కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు ఆమెకు పంపండి, కలిసింది మాత్రమే పంపమనండి.

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ:

తెరుచుకుంది!!!

ఆమెది ఇంటర్ నుంచి అదే నంబరట, కోడ్ వచ్చింది. లోపల రెండు కీలు ఉన్నాయి, ఒకదాని ఐడీ మన స్క్రీన్ ఐడీతో కలిసింది. ఆమె ఫోన్‌లో చదువుతుంటే నేను కొట్టాను, మూడో గుంపులో ఒక అంకె తప్పు పడితే అక్కడే ఆగిపోయింది, మీ 11 లెక్క గుర్తొచ్చింది. ఎనిమిదో గుంపు అయ్యాక ఎంటర్ కొట్టి ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. విండోస్ వచ్చింది. టాలీ తెరిచి చూస్తే నేను శనివారం సాయంత్రం వదిలేసిన ఎంట్రీ అట్లాగే ఉంది. మొదట చేసిన పని రెండు పెన్‌డ్రైవ్‌లకు బ్యాకప్ తీయడం, ఆ తర్వాతే చాయ్ తాగాను.

3బి 19న వేశాం. మేడమ్ చెప్పినట్టు చేతితో ఎక్కించినది, టాలీలోది పోల్చి చూస్తే రెండు బిల్లుల తేడా వచ్చింది. ఆ రెండూ ఎలుకలు కొరికినవే.

ఇప్పుడు రెండు అనుమానాలు. రీస్టార్ట్ చేస్తే మళ్లీ అడుగుతుందా? సేటేమో ఈ తాళం గోల మనకొద్దు, మొత్తం తీసేయించు అంటున్నాడు. తీసేయాలా?

సిస్టమ్స్ పనివాడు, మహబూబ్‌నగర్:

సంతోషం అన్నా. ఒకసారి కీతో లోపలికి వచ్చాక మామూలుగా కొత్త బయోస్‌ను గుర్తుపెట్టుకుంటుంది, మళ్లీ అడగదు. అడిగితే బిట్‌లాకర్ ప్రొటెక్షన్ సస్పెండ్ చేసి, అంటే కాసేపు ఆపి, తిరిగి రెజ్యూమ్ చేయాలి, చెప్పండి, కమాండ్ ఇస్తాను. ఇకముందు ఎవరైనా బయోస్ ముట్టుకునే ముందు సస్పెండ్ చేయించండి, మీ షాపతను అది చేసి ఉంటే ఈ పది రోజుల టెన్షన్ ఉండేది కాదు.

తీసేయాలా అంటే, మిల్లు టేబుల్ మీద నుంచి కదలని ల్యాప్‌టాప్ అయితే తీసేసినా పెద్ద నష్టం లేదు. సేటు దాన్ని కార్లో వేసుకుని హైదరాబాద్ తిరుగుతుంటే ఉంచండి, బ్యాంక్ పాస్‌వర్డ్లన్నీ బ్రౌజర్‌లోనే సేవ్ చేసి ఉంటారు కదా, నాకు తెలుసు. ఉంచితే మాత్రం కొత్తగా కీ ప్రింట్ తీసి పెట్టుకోండి, చిన్నమ్మాయి అకౌంట్ బదులు మిల్లు పేరుతో ఒక అకౌంట్ చేసుకోండి.

ఫోటో స్టూడియో, వనపర్తి:

ప్రింట్ ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టకండి అన్నా. నవ్వకండి, మా బావమరిది అదే చేశాడు, బ్యాగుతో సహా పోయింది.

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ:

సేటు ఉంచమన్నాడు, కారు మాట చెప్పగానే. కీ మూడు చోట్ల రాశాను. ఒకటి రోకడ్ పుస్తకం చివరి పేజీలో, ఒకటి ఇంట్లో నా ఇన్సూరెన్స్ బాండ్ల ఫైల్‌లో, ఒకటి సేటు గారి భార్య దగ్గర. ఆమె దగ్గర పెట్టింది పోదని నా నమ్మకం.

ఇందాక రిపేరు షాపతను ఫోన్ చేశాడు. ఆ కీ ఎక్కడ దొరికిందో తనకూ కొంచెం చెప్పమన్నాడు. బయోస్ అప్‌డేట్ చేసినవి ఇంకో రెండు ల్యాప్‌టాప్‌లు తిరిగొచ్చాయట. ఈ పేజీ లింక్ పంపించాను.